రెండు రక్తాలూ కలవవు

చలపతిరావు మాస్టారు ముప్పై ఏళ్లపాటు ప్రతి పాఠంలోనూ ఒక అబద్ధం చెప్పాడు. జీతం తీసుకుని మరీ చెప్పాడు. తునిలో ఆయన దగ్గర ఇంటర్ జంతుశాస్త్రం చదివిన ఏ పిల్లవాణ్ని అడిగినా ఈ సంగతి చెబుతాడు. పాఠం నడుస్తూ నడుస్తూ ఉండగా, మొహంలో ఏ మార్పూ లేకుండా, ఒక తప్పు వాక్యం జారవిడిచేవాడు. తర్వాత కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి, చేతులు కట్టుకుని నిలబడేవాడు. దొంగ క్లాసులోకి వచ్చేశాడు, పట్టుకోండి అని దానర్థం. వెనక బెంచీలో కునుకు తీసేవాడు కూడా ఉలిక్కిపడి లేచి పక్కవాడి డొక్కలో పొడిచేవాడు. "ఏమన్నార్రా? ఏమన్నార్రా?" అని గుసగుసలు. చివరికి ఎవరో ఒకరు లేచి, "సార్, అది తప్పండి," అనేవాళ్లు. పట్టుకున్నందుకు బహుమతేమీ లేదు. "కూర్చో," అనేవాడు, అంతే. ఆ ఒక్క మాట కోసం పిల్లలు పోటీపడి చచ్చేవాళ్లు.

అలాంటి మనిషిని తీసుకొచ్చి, పిల్లలనేవాళ్లు లేని గదిలో నిలబెట్టి పాఠం చెప్పమంటే ఏమవుతుంది?

రిటైరయ్యాక, భార్య నాగేశ్వరి కూడా పోయాక, తుని ఇంట్లో గోడలు ఆయన్ని మింగేసేలా ఉండేవి. పిల్లల్లేరు. పాత శిష్యుడొకడు హైదరాబాదులో ఆన్‌లైన్ చదువుల కంపెనీలో ఉన్నాడు. తెలుగు మీడియం పిల్లల కోసం వీడియో పాఠాలు చేస్తున్నాం, మీరు రండి మాస్టారూ అన్నాడు. ఈయన పెట్టె సర్దుకుని వచ్చేసి, లింగంపల్లి స్టేషన్ వెనక ఒక గది అద్దెకి తీసుకున్నాడు. రోజూ ఎంఎంటీఎస్ లోకల్ రైలు ఎక్కి హైటెక్ సిటీలో దిగి, షేర్ ఆటోలో రాయదుర్గం వెళ్లి, అద్దాల మేడలో తొమ్మిదో అంతస్తుకి చేరేవాడు. ఈయన్ని తీసుకొచ్చిన శిష్యుడు రెండు నెలలు తిరక్కుండానే వేరే కంపెనీకి మారిపోయాడు. అక్కడ అందరూ అంతే, పేరు నోటికి అలవాటయ్యేలోపు మారిపోతారు.

స్టూడియో అంటే నల్ల స్పాంజీ అతికించిన చిన్న గది. ఒక కెమెరా, ఒక లైటు, గాజు పలక అవతల నితీష్. వీడియోలు కత్తిరించే కుర్రాడు, మంచివాడే, చెవుల మీద హెడ్‌ఫోన్ పెట్టుకుని ఎప్పుడూ ఏదో నములుతూ ఉంటాడు. మొదటి పాఠంలోనే మాస్టారు అలవాటు చొప్పున ఒక తప్పు చెప్పి, కళ్లజోడు తీసి, కెమెరా వంక చూస్తూ నిలబడ్డాడు. నితీష్ తలుపు తోసుకుని వచ్చాడు.

"ఏమైంది సార్? తబియత్ మంచిగ లేదా?"

సంగతి చెబితే ప్రోగ్రాం మేనేజర్ ప్రియదర్శిని దాకా వెళ్లింది. ఆ అమ్మాయి నవ్వుతూనే చెప్పింది. "సార్, క్లాస్‌రూమ్‌లో ఓకే. వీడియోలో సైలెన్స్ ఉంటే వ్యూయర్ వెళ్లిపోతాడండి. తప్పులు అసలే వద్దు, ప్లీజ్."

ఆవిడన్నదీ సబబే. మాస్టారు ఆ అలవాటు మానుకున్నాడు. కానీ కెమెరా నల్లకన్నులోకి చూస్తూ గంటలకొద్దీ మాట్లాడటం ఆయనకి ఎంత దిగులుగా ఉండేదో ఎవరికీ చెప్పలేదు. "అర్థమైందా?" అని అడుగుతాడు. లైటు జుమ్మంటుంది. అంతే.

ఆ తర్వాత అన్ని పాఠాల్లోనూ నోరు అదుపులో పెట్టుకున్న మనిషి, ఆఖరి పాఠంలో జారాడు. జారటానికి కారణం ఉంది.

అది పిండం చుట్టూ ఏర్పడే పొరల పాఠం. కడుపులో పెరిగే ప్రాణి తన ఒంటితో పాటు ఒక సంసారాన్ని కూడా కట్టుకుంటుందని మొదలుపెట్టేవాడు. గుడ్డులో కోడిపిల్ల ఉందనుకోండి, తల్లి గుడ్డు పెట్టేశాక దాని బతుకు అదే చూసుకోవాలి. తిండికి సొనసంచి. దెబ్బ తగలకుండా, ఆరిపోకుండా నీళ్ల తిత్తి, పుస్తకంలో దాని పేరు ఉల్బం. మలినాలు దాచుకోడానికీ, పెంకు సందుల్లోంచి గాలి పీల్చుకోడానికీ ఇంకో సంచి, అళిందం. అన్నిటినీ చుట్టుకుని పరాయువు. మనిషి దగ్గరికొచ్చేసరికి పెంకు లేదు, సొన దాదాపు లేదు. అవే పొరల్ని బిడ్డ తల్లి గర్భం గోడకి ఆనించి, తల్లీబిడ్డా చెరో చెయ్యీ వేసి మాయని కడతారు. తొమ్మిది నెలలు ఇద్దరికీ అదే వంతెన, పని కాగానే అదీ బయటపడిపోతుంది.

సరిగ్గా ఇక్కడ, ఏటా, ఆయన చెప్పే దొంగ వాక్యం ఒకటే. "తల్లి రక్తం మాయలోంచి నేరుగా బిడ్డ ఒంట్లోకి పారుతుంది." లోకమంతా నమ్మే మాట కాబట్టి దాన్ని పట్టుకోవడం కష్టం. ఎవరూ పట్టుకోకపోతే తనే చెప్పేవాడు. "రెండు రక్తాలూ కలవవు. పక్కపక్కనే పారతాయి, మధ్యన పల్చటి తెర. తిండీ గాలీ ఆ తెరలోంచి వెళ్తాయి. తల్లి రక్తం తల్లిదే, బిడ్డ రక్తం బిడ్డదే."

ఈ మాట ఆయనకి పుస్తకంలో మాట మాత్రమే కాదు. నాగేశ్వరికి మూడు కాన్పులు పోయాయి. మూడోసారి నెలలు నిండాక పోయింది, మాయ ముందే ఊడిపోయిందన్నారు కాకినాడ డాక్టర్లు. అత్తగారు, ఆడపడుచులు, ఇరుగమ్మ, పొరుగమ్మ అందరూ కలిసి ఒకే తీర్పు చెప్పారు. దాని రక్తం మంచిది కాదు, ఆ చెడ్డ రక్తమే బిడ్డల్ని తినేస్తోంది. నాగేశ్వరీ అదే పట్టుకుని కూర్చుంది. అప్పుడు ఈయన ఆసుపత్రి మంచం పక్కన కూర్చుని, నీ రక్తం బిడ్డలోకి వెళ్లదు నాగేశ్వరీ, రెండూ కలవవు అని చెప్పాడు. ఆ ఏడు సెలవు అయిపోయి కాలేజీకి వెళ్లేసరికి, సిలబస్‌లో ఆయన కోసం కాచుకుని ఉన్నది ఈ పాఠమే. చెప్పాడు. ఆ తర్వాత ఏటా చెప్పాడు. ఏటా, దొంగ వాక్యం తర్వాత ఏదో ఒక పసిగొంతు "తప్పండి" అంటే, ఆయనకి లోపలెక్కడో కాస్త నెమ్మదించేది.

అందుకే స్టూడియోలో కూడా నోరు ఊరుకోలేదు. దొంగ వాక్యం అనేశాడు. కళ్లజోడు తీశాడు. కాసేపు నిలబడి, ఎవరూ లేరని గుర్తొచ్చి, తనే సరిచేసి, పాఠం ముగించి ఇంటికి వెళ్లిపోయాడు.

తర్వాత కొద్ది వారాలకే కంపెనీ తెలుగు మీడియం కోర్సుని మూసేసింది. చూసేవాళ్లు లేరన్నారు. ఒక బొకే ఇచ్చి, ఫొటో తీసి, లిఫ్టు దాకా వచ్చి సాగనంపారు. మాస్టారు తుని వెళ్లలేకపోయాడు. వెళ్లి ఏం చెయ్యాలి? లింగంపల్లి గదిలోనే ఉండిపోయి, పొద్దున్నే స్టేషన్ ప్లాట్‌ఫాం మీద బెంచీలో కూర్చుని, ఆఫీసులకి పరిగెత్తే జనాన్ని చూసేవాడు. ఇంటికొచ్చి ఫోన్‌లో తన వీడియోల కింద ఎవరైనా ఏమైనా రాశారా అని వెతికేవాడు. రోజూ వెతికేవాడు. ప్రేమలేఖ కోసం పోస్టుమాన్‌ని చూసినట్టు చూశాడంటే నవ్వుకుంటారు గానీ, సంగతి అదే.

ఒకనాడు పొద్దున కనిపించింది. పిండం పొరల పాఠం కింద, 'నరేందర్ ఆటో గోపన్‌పల్లి' అనే పేరుతో.

"సార్ మంచిగ చెప్పిన్రు. నేను నరేందర్ భార్యని. తల్లి రక్తమే బిడ్డకు పోతదని మీరు చెప్పింది మా ఇంట్ల అందరికి ఇనిపించిన. మా అత్త ఎప్పటి సంది గదే అంటది. నాకు రెండు పోయినయ్ సార్. నా రక్తమే మంచిగ లేదు. రక్తం మంచిగ అయ్యే మందు ఉంటే చెప్పుండ్రి."

చలపతిరావు మొదట మొదటి వాక్యమే చదివి మురిసిపోయాడు. మనిషి బలహీనత, ఏం చేస్తాం. తర్వాత మిగతాది చదివాడు. వెంటనే వీడియో నొక్కాడు. తెర మీద తనే, కళ్లజోడుతో. "తల్లి రక్తం మాయలోంచి నేరుగా బిడ్డ ఒంట్లోకి పారుతుంది." మరుక్షణం కళ్లజోడు లేని చలపతిరావు, "ఇంతటితో ఈ పాఠం సమాప్తం," అని నమస్కారం పెట్టాడు. మధ్యలో ఏమీ లేదు.

ఎంఎంటీఎస్ ఎక్కి, ఆటో పట్టుకుని ఆ అద్దాల మేడకి వెళ్లాడు. గుర్తింపు కార్డు పనిచెయ్యక కిందే నిలబడితే, నితీష్ దిగి వచ్చాడు. సంగతి విని నోట్లోది నమలడం ఆపేశాడు.

"మీరు ఆగిన్రు గద సార్. ఆగి, మళ్ల ఉల్టా చెప్పిన్రు. నేను రీటేక్ అనుకున్న. ముందుది సాఫ్‌గ వచ్చింది, ఎనకది తీసేసిన."

"తప్పు నీది కాదు నాయనా. ఇప్పుడు ఆ ముక్క మళ్లీ అతికించు."

"ఫుటేజ్ లేదు సార్. కోర్సు బంద్ అయినంక అన్నీ డిలీట్ చేసిన్రు." పాపం, వాడి మొహం చిన్నబోయింది. "పోనీ వీడియో తీసేద్దమంటే, ఆ లాగిన్ ఎవరి దగ్గరుందో ఎవరికీ తెల్వదు."

ప్రియదర్శిని కూడా కిందికి వచ్చింది, ఒక చెవిలో మీటింగు మాట్లాడుతూనే. టికెట్ రైజ్ చేస్తానంది, అంటే కంప్యూటర్లో ఫిర్యాదు పెడతానని. "అయినా ఫికర్ చెయ్యకండి సార్, అది ఎవరూ చూడట్లేదు," అని ఓదార్చింది. ఓదార్పు కోసమే అంది, పాపం. ఒక్కరు చూశారమ్మా, ఆ ఒక్కరే చాలు అని అనబోయి, ఆ పిల్ల అప్పటికే చెవిలో మనిషికి జవాబిస్తుంటే ఊరుకున్నాడు.

ఇక మిగిలింది జవాబు రాయడమే. గేటు బయట అరుగు మీద కూర్చుని, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ రాశాడు. "అమ్మా, వీడియోలో ఆ వాక్యం తప్పు. రెండు రక్తాలూ కలవవు. నీ రక్తం బిడ్డలోకి వెళ్లదు. నీ దోషం ఏమీ లేదు."

సాయంత్రానికి జవాబు వచ్చింది. "మీరెవరు? సార్ సొంతంగ చెప్పిండు గద."

ఇదీ ఆయన పరిస్థితి. తెర మీది చలపతిరావు కోటు వేసుకుని, వెనక కంపెనీ బొమ్మతో, గంభీరంగా తప్పు చెబుతున్నాడు. కింద ఊరూ పేరూ లేని ఎవరో ముసలాయన అది తప్పు అంటున్నాడు. ఎవర్ని నమ్ముతారు? తనైనా తెర మీది ఆయన్నే నమ్ముతాడు. ముప్పై ఏళ్లుగా పిల్లలకి నేర్పింది ఒకటే, మాస్టారు చెప్పినా సరే తప్పయితే తప్పనండి అని. ఈ పిల్లకి ఆ క్లాసులో కూర్చునే అదృష్టం లేదు. గోపన్‌పల్లి ఎంత దూరం, ఆటో ఎక్కితే చాలు. ఎక్కి వెళ్లి ఎవరింటి తలుపు తట్టాలి? పరాయి మగవాడొచ్చి కోడలి కాన్పుల గురించి మాట్లాడితే ఆ పిల్లకే చేటు.

తన ఫోన్ నంబరు రాశాడు. ఆ సారు నేనేనమ్మా, గొంతు విను, నీకే తెలుస్తుంది అని రాశాడు.

ఆ తర్వాత ఫోన్ మోగినప్పుడల్లా మొదటి గంటకే ఎత్తాడు. "అమ్మా, చెప్పమ్మా," అనేవాడు. పర్సనల్ లోన్ కావాలా సార్ అని ఒక పిల్ల. మీ కారు ఇన్సూరెన్స్ సార్ అని ఇంకో పిల్ల. ఎవరినీ కసురుకోలేదు. స్నానానికి వెళ్తే ఫోన్ కిటికీలో పెట్టుకున్నాడు. తనకోసం ఎవరైనా ఫోన్ చేస్తారని ఇంతగా ఎదురుచూడటం నాగేశ్వరి పోయాక ఇదే మొదలని ఆయనకే తోచింది. తోచి, కాస్త సిగ్గుపడ్డాడు కూడా.

మూడోనాడు పొద్దున ప్లాట్‌ఫాం మీద ఉండగా మోగింది. రైలు అప్పుడే వచ్చి ఆగింది, జనం తోసుకుంటున్నారు.

"అమ్మా, చెప్పమ్మా."

అవతల సన్నటి గొంతు. "గొంతు గదే. మీరు వీడియోల సారేనా?"

"నేనేనమ్మా."

"మా ఆయన ఫోన్ ఇంట్ల మర్చిపోయి పోయిండు. జల్దీ చెప్పుండ్రి. గది మీరే చెప్పి, మళ్ల మీరే తప్పంటరేంది సార్? నాకు సమజ్ కాలే."

ఆయన చెప్పాడు. క్లాసు సంగతి, దొంగ వాక్యం సంగతి, ఎడిటింగ్‌లో నిజం ఎగిరిపోయిన సంగతి. "నువ్వు మళ్లీ వీడియో చూడమ్మా. ఆ మాట అన్నప్పుడు నాకు కళ్లజోడు ఉంటుంది. వెంటనే ఉండదు. ఆ మధ్యలో నేను చెప్పిందే నిజం, దాన్నే కోసేశారు."

"అవు, అద్దాలు లేవు," అంది ఆ పిల్ల మెల్లగా. చాలాసార్లు చూసినట్టుంది. "మేమేమో మధ్యల కరెంట్ పోయి వచ్చింది అనుకున్నం. మరి నా రక్తం లోపలికి పోలేదా?"

"పోలేదు."

"మరి నా పిల్లలు ఎందుకు పోయిన్రు సార్?"

చలపతిరావు కళ్లు మూసుకున్నాడు. "నాకు తెలీదమ్మా. కారణాలు చాలా ఉంటాయి, డాక్టరు చూసి చెప్పాలి. పెద్ద దవాఖానకి వెళ్లు, మీ ఆయన్నీ తీసుకెళ్లు. నాకు తెలిసింది ఒక్కటే. నీ రక్తం నీ బిడ్డల్ని చంపలేదు." అక్కడితో ఆగుదామనుకున్నాడు. ఆగలేకపోయాడు. "మా ఇంట్లో ఆవిడకీ ఇలాగే పోయారమ్మా. ముగ్గురు. ఆవిడనీ ఇదే మాటన్నారు. అప్పుడు నేనే చెప్పాను, కలవవని."

ఈ సంగతి ఆయన హైదరాబాదులో ఒక్క మనిషికి కూడా చెప్పలేదు. రైలు కూత వేసి కదిలింది.

"ఆమె నమ్మిందా సార్?"

ఆయనకి ఆసుపత్రి గది కళ్లముందుకొచ్చింది. మందుల చీటీ వెనక బొమ్మ గీసి మరీ చెప్పాడు ఆరోజు, ఇదిగో తెర, ఇటు నువ్వు, అటు బిడ్డ అని. నాగేశ్వరి బొమ్మ వంక చూసి, "సరేనండీ," అంది. అర్థమైందనుకున్నాడు. తర్వాత బతికినన్నాళ్లూ ఆ ఊసు మళ్లీ ఎత్తలేదు. ప్రతి చంటిపిల్లనీ దూరం నుంచే చూసి నవ్వేది గానీ, ఎత్తుకునేది కాదు. ఎవరైనా ఇవ్వబోతే చేతులు వెనక్కి పెట్టుకునేది. ఎందుకలాగ అని ఒక్కసారీ అడగలేదు ఈయన. ఊళ్లో పిల్లలందరి జవాబు కోసం నిలబడి ఎదురుచూసినవాడు, ఇంట్లో ఆ ఒక్క మనిషి దగ్గర ఎదురుచూడలేదు.

"తెలీదమ్మా," అన్నాడు. "అడగలేదు."

అవతల దూరంగా ఎవరో అంట్లు తోముతున్న చప్పుడు వినిపిస్తోంది.

"సార్, మా అత్త బయటనే ఉన్నది. స్పీకర్ పెడ్త. ఇంకోసారి చెప్పుండ్రి. మెల్లగ చెప్పుండ్రి."

చలపతిరావు బెంచీ మీద సర్దుకుని కూర్చున్నాడు. ఖాళీ ప్లాట్‌ఫాం వంక చూస్తూ, గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. మాయ అంటే ఏమిటో చెప్పాడు. బిడ్డ వైపు రక్తనాళాలు, తల్లి వైపు రక్తం, మధ్యన పల్చటి తెర. చెబుతూ చెబుతూ ఉండగా కళ్లలో నీళ్లు తిరిగి ఎదురుగా పట్టాలు అలుక్కుపోయాయి. "అందుకని రెండు రక్తాలూ కలవవు. నీ తప్పేమీ లేదు. ఇందులో నీ తప్పు ఇంతైనా లేదు నాగేశ్వరీ. నమ్ముతున్నావా?"

అవతల అంట్ల చప్పుడు ఆగిపోయింది.

"నా పేరు భూలక్ష్మి సార్," అంది ఆ పిల్ల. "చెప్పుండ్రి. ఇంటున్నం."